స్కారుస్ గడప దాటకండి

ప్రియ మిత్రమా, నమస్కారం.

ప్రాచీన వర్తకుల ముద్రల గురించి మీరు పంపిన వ్యాసం చదివాను. సింధులోయలో బయలుదేరి, బాబిలోనియా, ఈజిప్టు, చైనా చుట్టి ఇటలీలోని ప్రాచీన రోమన్ నగరం పాంపే చేరేసరికి మీకు చోటు చాలలేదు, నాకు ఓపిక మిగల్లేదు. అక్కడి వర్తకుడు స్కారుస్ జాడీల గురించి మీరు రాసిన రెండు వాక్యాలే నా చేత ఈ ఉత్తరం రాయిస్తున్నాయి.

ఆ ఒక్క మనిషి చాలడా మీకు? ఆలుస్ ఉంబ్రిసియుస్ స్కారుస్ క్రీ.శ. మొదటి శతాబ్దంలో, చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసే గారుమ్ అనే రసాన్ని అమ్మినవాడు. తన ఇంటి లోగిలిలో వాననీటి తొట్టి చుట్టూ, నేల నాలుగు మూలలా, సరుకు జాడీల బొమ్మలనే రాళ్లతో పొదిగించుకున్నాడు. 'స్కారుస్ కార్ఖానాలో తయారైన, కానాగంత చేపల మేలురకం గారుమ్' అని ఒక జాడీ మీద అక్షరాలు. అసలు జాడీల మీద ఇలాంటి మాటలే కుంచెతో రాసేవారు. కొన్నింటి మీద ఉంబ్రిసియా ఫార్చునాటా వంటి, ఆ ఇంటిపేరే మోసిన వాళ్ల పేర్లూ ఉన్నాయి. ఈ ఫార్చునాటా అనే ఆమెను మీరు పేరైనా ఎత్తకుండా దాటేశారు.

దానికి బదులు 'నేటి బ్రాండింగ్‌కు ఇదే పునాది' అన్నారు. ఈ వాక్యం ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. రోమన్ నూనె కూజాల మీద ఖాళీ బరువు, నూనె బరువు, వర్తకుడి పేరు వేర్వేరుగా రాసేవారని నేనొక వ్యాసం రాస్తే, ఒక వారపత్రిక సంపాదకుడు ఆ బరువుల సంగతంతా కొట్టేసి, 'యువతకు సందేశం ఏదీ?' అని అడిగాడు. అచ్చులో నా ఉపోద్ఘాతం మాత్రమే మిగిలింది. పారితోషికం ఇప్పటికీ రాలేదు. సంపాదకుల కోసం రాసే అలవాటు మీకు ఇంత త్వరగా అంటుకోవడమే నా బాధ.

స్కారుస్ కొడుకు పాంపేలో న్యాయాధికారి పదవి చేసి, తండ్రి కంటే ముందు చనిపోయాడు. సమాధికి స్థలం, అంత్యక్రియలకు 2000 సెస్టెర్సులు (రోమన్ నాణేలు), నగర కూడలిలో గుర్రంపై విగ్రహం మంజూరు చేస్తూ పురసభ తీర్మానించిందని తండ్రి వేయించిన శాసనం చెబుతుంది. అందులో గారుమ్ ఊసే లేదు. ఇంటి నేల మీద అంత గొప్పగా చాటుకున్న సరుకును ఇక్కడ ఎందుకు వదిలేశాడో, మీ వ్యాసం అక్కడ మొదలు కావాలి. తిరగరాసి పంపండి, కాగితానికి ఒకవైపే రాయండి.