స్ప్లెండర్‌కి ఇంట్లో ఆయిల్ మార్చే ముందు

కావలి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

ఇకనుంచి బండికి ఇంట్లోనే ఆయిల్ మార్చుకుంటానన్నావని మీ అమ్మ చెప్పింది. మార్చుకో, మంచిదే. స్ప్లెండర్ లాంటి బండికి అదేం బ్రహ్మవిద్య కాదు, అరగంట పని. కాకపోతే ఆ అరగంటలో బండి పాడయ్యే చోట్లు రెండున్నాయి. కింద ఆయిల్ వంచే డ్రెయిన్ నట్టు ఒకటి, పైన పోసే కొలత ఒకటి. మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. ఈ రెంటిలో తప్పితే మాత్రం పని మెకానిక్ చేతికి పోతుంది, ఖర్చు వేలల్లోకి పోతుంది. అందుకని వాటి గురించే ఎక్కువ రాస్తున్నా.

ముందు ఎప్పుడు మార్చాలో చెప్తా. నువ్వు రోజూ ఒంగోలు నుంచి చీమకుర్తి పోయొస్తా ఉన్నావు. గ్రానైట్ లారీల వెనక పడితే ఎంత దుమ్ము మింగాలో నీకు నేను చెప్పక్కర్లేదు, బండి కూడా అంతే మింగుతుంది. బండి పుస్తకంలో రాసిన కిలోమీటర్లు మామూలు రోడ్డు మీద తిరిగే బండికి. నీ బండిలో మామూలు మినరల్ ఆయిల్ పోస్తే 2,500 దగ్గర మార్చెయ్, మహా అయితే 3,000. అయితే అంతకన్నా ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడు. రాతిపొడి ఇంజన్లోకి దిగేది ఆ దారినే. అది పిస్టన్ రింగులకీ, అవి ఆడే గొట్టానికీ, అదే బోరుకీ మధ్య పడి సాన పట్టినట్టు అరగదీస్తుంది, అరిగిన లోహంతో కలిసి ఆయిల్లోకి దిగుతుంది. ఫిల్టర్ చినిగిపోయిన బండికి వారానికోసారి ఆయిల్ మార్చినా బోరు నిలవదు. నూనె తడి ఉండే కాగితం ఫిల్టర్ అయితే గాలి కొట్టించి మళ్లీ పెట్టొద్దు, కొత్తది వెయ్యి.

ఆయిల్ నల్లబడిందని కంగారుపడి మార్చేవాళ్లు ఉంటారు. నల్లబడటం తప్పు కాదు, ఇంజన్లో మసిని అది కడిగి తనలో పెట్టుకుంటా ఉందని అర్థం. భయపడాల్సింది నలుపు చూసి కాదు, పాలు కలిపిన టీ రంగు చూసి. మన వైపు నవంబరులో వాయుగుండం పట్టి వాగులు రోడ్డెక్కినప్పుడు ఇంజన్ మునిగే నీళ్లలో బండి తోలితే ఆయిల్లో నీళ్లు కలుస్తాయి. ఆయిల్ మట్టం చూసే కడ్డీ తీసి చూస్తే తెల్లగా నురగ పట్టి ఉంటుంది. అట్టా కనిపిస్తే ఇక కిలోమీటర్లు చూడొద్దు, ఆ రోజే వంచెయ్. కొత్తది పోసి నాలుగైదు కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడు, ఇంకా తెల్లగా ఉంటే అది కూడా వంచి ఇంకోసారి పొయ్యాల్సిందే. ఖర్చే, కానీ నీళ్ల ఆయిల్‌తో తోలితే బేరింగులు పోతాయి.

ఇక ఏ ఆయిల్ అనేది. స్ప్లెండర్‌కి కంపెనీ చెప్పేది 10డబ్ల్యూ-30. డబ్బా మీద జపాన్ వాళ్ల ప్రమాణం జాసో ఎం.ఏ. లేదా ఎం.ఏ.2 అని ఉండాలి, ఈ అక్షరాలు చూడకుండా కొనొద్దు. మన బైకుల్లో ఇంజన్‌కీ గేర్లకీ క్లచ్‌కీ ఒకటే ఆయిల్, క్లచ్ ప్లేట్లు అందులోనే మునిగి తిరుగుతాయి. కారు ఆయిల్లో జారుడు పెంచే మందులు కలుపుతారు. అది కారుకి మంచిది, మనకి క్లచ్ జారిపోతుంది. ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు, ప్లేట్లు కాలిపోతాయి. కారు ఆయిల్ మిగిలింది కదా అని పోస్తే జరిగేది ఇదే. ట్రాక్టర్‌కి తెచ్చిన డీజిల్ ఆయిల్ కూడా వద్దు.

రోహిణి కార్తె ఎండలకి చిక్కటి ఆయిల్ పొయ్యాలని, 20డబ్ల్యూ-50 పోస్తే బండి వేడెక్కదని నీకు ఎవరో ఒకరు చెప్తారు. వినకు. ఆ రెండో అంకె చెప్పేదే 100 డిగ్రీల వేడి దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందన్నది. బయట 45 ఉన్నా ఇంజన్ లోపలి వేడి ముందు అది లెక్కలోకి రాదు. చిక్కటిది పోస్తే పొద్దున్నే ఇంజన్ పైభాగం, అదే హెడ్ దాకా ఆయిల్ ఎక్కడం ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. ఆయిల్ తాగే పాత బండికి 20డబ్ల్యూ-40 పోస్తే తాగడం కొంత తగ్గొచ్చు గానీ బోరు పని మాత్రం తప్పదు. నీ బండికి ఆ అవసరం లేదు.

డబ్బా కొనేటప్పుడు మూత సీలు, కింద బ్యాచ్ నంబరు చూసుకో. ఖాళీ డబ్బాల్లో పాత ఆయిల్ వడగట్టి పోసి అమ్మే బాపతు ఉన్నారు. నువ్వు వాడిన డబ్బాని కూడా కత్తితో కోసే పారెయ్.

సామాను పెద్దగా అక్కర్లేదు. 17 నంబరు రింగు పానా లేదా బాక్సు పానా, వెడల్పాటి పాత బేసిన్, గరాటు, బనియన్ గుడ్డలు, మిల్లీలీటర్ల గీతలున్న మగ్గు, కొత్త వాషర్ ఒకటి. ఫ్లాట్ పానాతో మాత్రం ఆ నట్టు జోలికి పోవద్దు. అది రెండు వైపులే పట్టుకుంటుంది, బిగిసిన నట్టు మీద జారి మూలలు గుండ్రమైపోతాయి. అప్పుడు దాన్ని తీయాలంటే వెల్డింగ్ షాపు దాకా పోవాలి. నీకు కొత్తపట్నం వైపు తిరుగుడు కూడా ఉంది కాబట్టి ఉప్పుగాలికి నట్టు తుప్పు పట్టి ఉండొచ్చు. ముందు రోజు రాత్రే వైరు బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పెట్టు.

మార్చే రోజు బండి స్టార్ట్ చేసి ఒక నాలుగైదు నిమిషాలు ఉంచు. ఆయిల్ గోరువెచ్చగా అయితే పలచబడి అడుగున పేరుకున్న మడ్డితో సహా దిగుతుంది. దూరం తోలొచ్చి వెంటనే మొదలుపెట్టొద్దు, చెయ్యి కాలుతుంది, పక్కనే సైలెన్సర్ పైపు కూడా ఉంది. చదునైన చోట డబుల్ స్టాండ్ వెయ్యి. కుడివైపు నల్ల మూత, అదే ఆయిల్ కడ్డీ ఉన్న మూత, తీసి శుభ్రమైన గుడ్డ మీద పెట్టు. పైన గాలి పోయే దారి ఉంటే కింద ధార ఆగకుండా వస్తుంది.

ఇప్పుడు నట్టు. ఇంజన్ అడుగున నేల వైపు చూస్తా ఉంటుంది. చుట్టూ అంటిన మట్టిని గుడ్డతో పూర్తిగా తుడువు, లేకపోతే విప్పినప్పుడు ఆ ఇసుకే మరల్లోకి పోతుంది. తిప్పే దిక్కు దగ్గర చాలామంది బోల్తా పడతారు. నట్టు తల నీ ముఖం వైపు ఉన్నట్టు ఊహించుకుని గడియారం ముల్లుకి ఎదురు తిప్పితే ఊడుతుంది. నువ్వు పైనుంచి వంగి చూస్తా తిప్పితే దిక్కు తిరగబడుతుంది, ఊడదీస్తున్నా అనుకుని బిగిస్తా ఉంటావు. అది రాకపోయేసరికి పానాకి పైపు తొడిగి ఇంకా బలం పెడతావు. నట్టు ఇనుము, అది బిగిసే చాంబర్, అంటే ఇంజన్ అడుగు పెట్టె, అల్యూమినియం. ఈ రెంటి మధ్య పంతానికి పోతే ఓడేది అల్యూమినియమే, చాంబర్ మర లేచిపోతుంది. అందుకని పానా పెట్టే ముందు నేల మీద కూర్చుని, తల వంచి, నట్టుని కిందనుంచి చూసి దిక్కు ఖాయం చేసుకో.

ఒకసారి సడలాక పానా పక్కన పెట్టి వేళ్లతో తిప్పు. తిప్పేటప్పుడు నట్టుని పైకి నొక్కి పట్టుకో. చివరి మర వదిలిందని వేలికి తెలుస్తుంది, అప్పుడు ఒక్కసారి పక్కకి లాగెయ్. ధార మొదట కొంచెం వాలుగా దూరంగా పడుతుంది, పోనుపోను నిట్టనిలువుగా చుక్కలు పడతాయి. బేసిన్ దాన్ని బట్టి జరుపుకో. నట్టు బేసిన్లో పడితే పడింది గానీ వాషర్ ఏమైందో చూడు. పాత వాషర్ చాంబర్‌కే అతుక్కుని ఉండిపోతుంది, అది గమనించకుండా కొత్తది వేస్తే వాషర్ మీద వాషరయ్యి ఎంత బిగించినా చుక్క కారుతుంది. చుక్క కారుతుందని ఇంకా బిగిస్తావు, మర పోతుంది. మరలు పోయిన బండ్లలో ఈ కథ చాలా ఉంటుంది.

పది నిమిషాలు కారనివ్వు. బండిని మెల్లగా ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి వంచితే మిగిలింది కూడా వస్తుంది. తాళం తీసేసి చేత్తో నాలుగు కిక్‌లు మెల్లగా నొక్కొచ్చు, స్టార్ట్ మాత్రం చెయ్యొద్దు. కడగడానికని డీజిల్, కిరసనాయిలు పోసి తిప్పే అలవాటు మన ఊళ్లల్లో ఇంకా పోలేదు. అది మూలల్లో నిలిచిపోయి కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది. కరిగిన మడ్డి పోయి ఆయిల్ దారులకి అడ్డం పడుతుంది. వద్దే వద్దు.

కారిన ఆయిల్‌ని ఎండలో పెట్టి చూడు. సన్నటి బూడిదరంగు మెరుపు ఉంటే మామూలు అరుగుదలే. గోటికి తగిలే లోహపు పెచ్చులు కనిపిస్తే గేర్లో, బేరింగో విరుగుతా ఉందని అర్థం, మెకానిక్‌కి చూపించు. పలచగా, పెట్రోలు వాసన కొడితే కార్బురేటర్ ఉన్న బండి అయితే అది పొంగి పెట్రోలు కిందికి దిగుతా ఉండొచ్చు.

బిగించేటప్పుడు నట్టునీ అది కూర్చునే చోటునీ తుడిచి, కొత్త వాషర్ వేసి, మొదటి నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పు. వేళ్లకి రాకపోతే అడ్డమరలో పడిందన్నమాట, వెనక్కి తీసి మళ్లీ పెట్టు. వాషర్ తగిలాక పానాతో పావు చుట్టు నుంచి అర చుట్టు దాకా చాలు. పానాని చివర పట్టుకోకుండా మధ్యలో పట్టుకుంటే బలం దానంతటదే తగ్గుతుంది. బిగింపు బలం కొలిచే టార్క్ పానా దొరికితే పుస్తకంలో ఇచ్చినంత పెట్టు. కొత్త వాషర్ నలిగి ఆ సందు మూసేస్తుంది, నీ బలంతో మూసేది కాదు అది.

కొలత సంగతి. బండి పుస్తకంలో ఆయిల్‌కి రెండు అంకెలు ఉంటాయి. ఇంజన్ మొత్తం విప్పి బిగిస్తే ఎంత పడుతుందన్నది ఒకటి, ఉత్తినే వంచి మారిస్తే ఎంతన్నది రెండోది. రెండోది తక్కువ, ఎందుకంటే ఎంత కారినా లోపల కొంత అంటుకునే ఉంటుంది. నీకు కావాల్సింది ఆ రెండోదే. డబ్బా మొత్తం ఒక్కసారే వంచేస్తే ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. మగ్గులో 700 మిల్లీలీటర్లు కొలిచి పొయ్యి, మూత పెట్టి, మూడు నిమిషాలు ఇంజన్ నడుపు, ఆపేసి ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగు. అప్పుడు కడ్డీ తీసి తుడిచి, మర తిప్పకుండా ఉత్తినే పెట్టి తీసి చూడు. రెండు గీతల మధ్య, పై గీతకి కొంచెం కింద ఉంటే సరిపోయింది. తక్కువుంటే 50, 50 చొప్పున పోస్తా చూస్తా పో.

ఇది డబుల్ స్టాండ్ మీదే చూడాలి. సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకి వాలుతుంది, కడ్డీ ఉండేదేమో కుడివైపు. ఆయిల్ అటు పోయి ఇటు తక్కువ చూపిస్తుంది, నువ్వేమో ఇంకా పోస్తావు. ఎక్కువైతే లోపల తిరిగే క్రాంకు ఆయిల్‌ని మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ చేస్తుంది, ఆ ఆవిరి పైపు దారిన ఫిల్టర్ డబ్బాలోకి పోయి అదంతా తడిసిపోతుంది, పొగ వస్తుంది, పికప్ పడిపోతుంది. ఎక్కువ పోశావనుకో, నట్టు విప్పొద్దు. మందుల షాపులో పెద్ద సిరంజీ, సెలైన్ పైపు కొని కడ్డీ రంధ్రం నుంచి లాగెయ్. తక్కువైతే హెడ్డులో క్యామ్, రాకర్లు ముందు అరుగుతాయి. టక టకమనే చప్పుడు వినపడేసరికి అరిగేదేదో అరిగిపోయి ఉంటుంది.

పొయ్యడం మరిచిపోయి స్టార్ట్ చేసేవాళ్లు కూడా ఉన్నారు. నవ్వొద్దు, మధ్యలో ఫోన్ వస్తే ఎవరికైనా జరుగుతుంది. నట్టు విప్పగానే తాళం తీసి కొత్త ఆయిల్ డబ్బా కింద పెట్టు. డబ్బా ఎత్తితేనే తాళం దొరుకుతుంది.

స్ప్లెండర్లో కాగితం ఆయిల్ ఫిల్టర్ ఉండదు. జల్లెడ ఒకటి, క్లచ్ వైపు తిరిగే ఫిల్టర్ ఇంకోటి కుడి కవరు లోపల ఉంటాయి. అవి విప్పితే గ్యాస్కెట్ మార్చాలి, అది ఇంట్లో పెట్టుకోవద్దు. మూడు నాలుగు ఆయిల్ మార్పులకి ఒకసారి మెకానిక్ చేత శుభ్రం చేయించు. మీ తమ్ముడి పల్సర్‌కి కాగితం ఫిల్టర్ ఉంటుంది, ఆయిల్‌తో పాటు అదీ మార్చాలని వాడికి చెప్పు.

మీ అమ్మ స్కూటర్ కూడా నువ్వే చేస్తానంటే ఒక జాగ్రత్త. దానికి కింద రెండు నట్లు ఉంటాయి, ఇంజన్‌ది ఒకటి, వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్‌ది ఇంకోటి. గేర్‌ది విప్పి ఇంజన్లో పోస్తే ఇంజన్లో ఆయిల్ రెట్టింపు, గేర్లలో సున్నా. దాని క్లచ్ ఆయిల్లో తడవదు కాబట్టి స్కూటర్‌కి ఎం.బి. అని ఉన్న డబ్బా తీసుకో, అది మాత్రం బైకుకి పొయ్యొద్దు.

పాత ఆయిల్‌ని అదే డబ్బాలో పోసి మూత బిగించి, పాత ఆయిల్ కొనేవాళ్లకి పంపే మెకానిక్ షాపులో ఇచ్చిరా. డబ్బా ఆ తర్వాతే కోసెయ్. కాలవలో, రొయ్యల గుంట గట్టున పొయ్యొద్దు. నీళ్ల మీద సన్నటి పొర కడితే గాలి కలవదు, ఏరేటర్లు తిప్పే వాళ్లకి ఆ బాధ తెలుసు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ కూడా ఉంది. చెదలకి తలుపులకి రాస్తామని అడిగి పట్టుకుపోయే వాళ్లకీ ఇవ్వొద్దు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కో, గోళ్ల సందులు కూడా.

మరుసటి రోజు పొద్దున్నే బండి కింద పాత పేపరు పరిచి చుక్క పడిందేమో చూడు. 50 కిలోమీటర్లు తిరిగాక కడ్డీ ఇంకోసారి చూసుకో. మీటరు అంకె, తేదీ సైడ్ కవరు లోపల మార్కర్‌తో రాసి పెట్టు.

వాషర్లు నాలుగు పొట్లం కట్టి మీ అమ్మ చేతికి ఇచ్చాను. పాతదే వాడితే ఏమవుతుందని మాత్రం అడక్కు.

మీ మామ