దత్తత పత్రాలకు నోటరీ, అపోస్టిల్: ప్రతి కాగితం ఎక్కడ మొదలైందో ముందు చూసుకోండి

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ: మీరు న్యూజెర్సీలో ఉంటున్నారు, మీ వారు అమెరికా పౌరులు, మీకు గ్రీన్ కార్డు ఉంది, భారతదేశం నుంచి బిడ్డను దత్తత తీసుకోవడానికి ఒక ఏజెన్సీలో చేరారు. వాళ్లు పంపిన పత్రాల జాబితాలో దాదాపు ప్రతి వరుసకూ ఎదురుగా ‘నోటరీ, అపోస్టిల్’ అని ఉంది. నోటరీ చేయించాక మళ్లీ అపోస్టిల్ ఎందుకు, గుంటూరులో రిజిస్టరైన మీ వివాహ ధ్రువపత్రానికి కూడా అది కావాలా అన్నది మీ సందేహం. మేము న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో ఉండగా 2021లో ఇవే కాగితాలు సిద్ధం చేసుకున్నాం. 2024లో మా పాప ఇంటికి వచ్చింది. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ముందుగా ఒక తికమక తొలగించుకోవాలి. ఏజెన్సీ వాళ్లు మాటిమాటికీ ‘హేగ్’ అంటారు, కానీ అది రెండు వేర్వేరు ఒప్పందాల పేరు. ఒకటి 1993 నాటి దేశాంతర దత్తత ఒప్పందం. మీ దత్తత మొత్తం దాని ప్రకారమే నడుస్తుంది. రెండోది 1961 నాటి అపోస్టిల్ ఒప్పందం. అది కాగితాలకు సంబంధించినది మాత్రమే. రెండోది అమెరికాలో 1981 నుంచి, భారతదేశంలో 2005 జూలై 14 నుంచి అమల్లో ఉంది కాబట్టే, మన పత్రాలను కాన్సులేట్‌కు తీసుకువెళ్లి ధ్రువీకరణ చేయించాల్సిన అవసరం లేదు.

అపోస్టిల్ అంటే పత్రంలో రాసినది నిజమని చెప్పేది కాదు. ఆ పత్రం మీద ఉన్న అధికారి సంతకమూ ముద్రా అసలైనవేనని చెప్పే చీటీ మాత్రమే. మీ డాక్టరు మీ ఆరోగ్యం బాగుందని ఉత్తరం రాస్తే, ఆ సంతకం డాక్టరుదేనని నోటరీ చెబుతారు. ఆ నోటరీ నిజంగా నోటరీయేనని రాష్ట్ర ప్రభుత్వం అపోస్టిల్ ద్వారా చెబుతుంది. ఢిల్లీలో ఫైలు చూసే అధికారికి మీ వీధి చివర ఉన్న నోటరీ ఎవరో తెలిసే అవకాశం లేదు కదా. ప్రతి ముద్రా తనకు ముందున్న సంతకం గురించే మాట్లాడుతుంది. ఇది మనసులో పెట్టుకుంటే ఏ కాగితం ఏ ఆఫీసుకు వెళ్లాలో మీకే తెలిసిపోతుంది. మాకు ఇది ఆలస్యంగా అర్థమైంది.

డాక్టరు ఉత్తరం, ఉద్యోగం ఇచ్చినవారి ఉత్తరం, ఇద్దరు పరిచయస్తుల సిఫారసు ఉత్తరాలు, హోమ్ స్టడీ నివేదిక (సోషల్ వర్కరు మీ ఇంటినీ కుటుంబ పరిస్థితినీ చూసి రాసేది) వంటివి ప్రైవేటు వ్యక్తులు రాసేవి కాబట్టి వాటికి నోటరీయే ఆరంభం. మేము మొదట పొరపాటు చేసింది ఇక్కడే. డాక్టరు గారు ముందు రోజే సంతకం పెట్టి ఇచ్చిన ఉత్తరాన్ని నోటరీ దగ్గరకు తీసుకువెళితే, సంతకం చేసిన మనిషి తన ఎదుట లేనప్పుడు ధ్రువీకరించనని ఆమె మర్యాదగానే తిప్పి పంపారు. ఆమె చేసింది సరైన పని. చివరికి ఇంటికే వచ్చే నోటరీని ఒకరిని మాట్లాడుకుని, డాక్టరు గారి భోజన విరామంలో క్లినిక్‌కు రప్పించాం. ఆయన ఒక రోగిని చూసి చేతి తొడుగులు తీసేసి వచ్చి, నిలబడే రెండు ఉత్తరాల మీద సంతకాలు చేశారు. నోటరీ ఆయన గుర్తింపు కార్డు చూసి, తేదీ వేసి, ముద్ర కొట్టి, ముద్ర అంచు అక్షరాల మీదికి వచ్చిందని గమనించి ఒక ఉత్తరాన్ని మళ్లీ ప్రింటు తీయించారు. ఆ జాగ్రత్త మాకు ఎంతో మేలు చేసింది, ఎందుకంటే ముద్ర సరిగా చదవడానికి వీలులేకపోతే అపోస్టిల్ ఇచ్చే ఆఫీసు వెనక్కి పంపుతుంది.

మీది న్యూజెర్సీ కాబట్టి నోటరీ చేసిన కాగితం నేరుగా ట్రెంటన్‌లోని రాష్ట్ర ట్రెజరీ విభాగానికి వెళుతుంది. దత్తత పత్రాలకు అక్కడ రుసుము తగ్గింపు ఉంది కాబట్టి, దరఖాస్తులో దత్తత కోసమని స్పష్టంగా రాయండి. మాకు న్యూయార్క్‌లో మధ్యలో ఇంకో మెట్టు ఉండేది: నోటరీ సంతకాన్ని ముందు కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లర్కు ధ్రువీకరించాలి, ఆ తరువాతే రాష్ట్ర ప్రభుత్వం అపోస్టిల్ ఇస్తుంది. అదీ నోటరీ నమోదై ఉన్న కౌంటీలోనే జరగాలి. మా వారు తమ ఆఫీసు దగ్గర, మాన్‌హాటన్‌లో నోటరీ చేయించిన ఉత్తరాలను అక్కడి కౌంటీ క్లర్కు దగ్గరకు తీసుకువెళితే, ఆ నోటరీ నమోదు క్వీన్స్ కౌంటీలో ఉందని తేలింది. ముద్ర మీద కౌంటీ పేరు అచ్చయి ఉంది, మేమే చూసుకోలేదు. ఒక రోజు సెలవు వృథా అయింది. మీ సిఫారసు ఉత్తరాలు రాసే స్నేహితులు వేరే రాష్ట్రంలో ఉంటే, ఆ ఉత్తరం అపోస్టిల్ కూడా ఆ రాష్ట్రంలోనే జరగాలని గుర్తుంచుకోండి. వీలైతే ఇద్దరినీ న్యూజెర్సీలోనే ఎంచుకోండి.

అమెరికాలో పుట్టినవారి జనన ధ్రువపత్రాలు, ఇక్కడ జరిగిన పెళ్లి పత్రాలు, విడాకుల తీర్పులు ప్రభుత్వ రికార్డులు. వాటికి నోటరీ చేయించకూడదు. రిజిస్ట్రారు లేదా కోర్టు క్లర్కు సంతకంతో కొత్త సర్టిఫైడ్ కాపీ తెప్పించి, దానికే అపోస్టిల్ వేయించాలి. ఎఫ్‌బీఐ నేర చరిత్ర నివేదిక మీ జాబితాలో ఉంటే అది ఫెడరల్ పత్రం, కాబట్టి ట్రెంటన్‌కు కాదు, వాషింగ్టన్‌లోని విదేశాంగ శాఖ అథెంటికేషన్స్ ఆఫీసుకు వెళ్లాలి. అక్కడ ఒక్కో పత్రానికి 20 డాలర్లు. దాని మీద నోటరీ ముద్ర కొట్టించి రాష్ట్రానికి పంపి నెలలు పోగొట్టుకున్నవారిని నేను ఎరుగుదును. అన్నింటికంటే ఆలస్యమయ్యేది అదే, కనుక దాన్ని ముందుగా మొదలుపెట్టండి.

ఇక మీ గుంటూరు ధ్రువపత్రం. అపోస్టిల్ ఒక దేశపు పత్రాన్ని ఇంకో దేశంలో చూపించడానికి ఉద్దేశించినది. భారత ప్రభుత్వం ఇచ్చిన పత్రాన్ని భారతదేశానికే పంపుతున్నప్పుడు ఢిల్లీ విదేశాంగ శాఖ అపోస్టిల్ అవసరం రాదు. మా విషయంలో ఏజెన్సీ అడిగింది వేరు: ఒరిజినల్ మా దగ్గరే ఉంచుకుని, దాని జిరాక్సు కాపీకి ‘ఇది అసలు పత్రానికి నిజమైన నకలు’ అని మేమిద్దరం అఫిడవిట్ జతచేశాం. న్యూయార్క్ నోటరీలకు నకళ్లను స్వయంగా ధ్రువీకరించే అధికారం లేదు, అందుకే అఫిడవిట్ మీద ఉన్న మా సంతకాలకు నోటరీ, ఆ నోటరీకి కౌంటీ, దానికి అపోస్టిల్. మీ ఏజెన్సీ ఏ రూపం కోరుతోందో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, ఫోనులో చెప్పిన మాట మీద ఆధారపడకండి.

మన తెలుగువాళ్లకు అసలు చిక్కు ముద్రల్లో కాదు, పేర్లలో ఉంటుంది. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంది. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు చివర ఉంది. వివాహ ధ్రువపత్రంలో మా నాన్నగారి ఇంటిపేరు, గ్రీన్ కార్డులో మా వారి ఇంటిపేరు. వాటితోపాటు ‘లక్ష్మి’ని ఒకచోట ‘కెఎస్‌హెచ్’తో, ఇంకొకచోట ‘ఎక్స్’తో రాశారు. ఇవన్నీ ఒక్క మనిషేనని మనకు తెలుసు, మన బంధువులకు తెలుసు, కానీ ఫైలు చూసే వారికి నలుగురు స్త్రీలు కనిపిస్తారు. అందుచేత ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని, ప్రతి పేరూ ఏ పత్రంలో ఎలా ఉందో యథాతథంగా ఉటంకిస్తూ ఒక అఫిడవిట్ తయారుచేసి, దానికీ అపోస్టిల్ వేయించాం. ఇది జాబితాలో లేకపోయినా చేయించుకోమని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. తరువాత బిడ్డ దత్తత ఉత్తర్వులో, జనన ధ్రువపత్రంలో, పాస్‌పోర్టులో తల్లిదండ్రుల పేర్లు ఇక్కడి నుంచే పుట్టుకొస్తాయి.

ఇంకొక నష్టం చెప్పాలి. అపోస్టిల్ కాగితాన్ని పత్రానికి జతచేసి పిన్ను కొట్టి ఇస్తారు. స్కానరులో సులభంగా పెట్టడానికి మా వారు ఆ పిన్ను జాగ్రత్తగా విప్పి, స్కాన్ అయ్యాక అవే రంధ్రాల్లోంచి మళ్లీ కొట్టారు. ఏజెన్సీ సోషల్ వర్కరు కవరు తెరిచి, మూలను వేలితో తడిమి, ఇది ఒకసారి విప్పారు కదా అని అడిగారు. విప్పిన జత చెల్లదు. ఆ ఉత్తరాన్ని డాక్టరు సంతకం దగ్గరి నుంచి మళ్లీ చేయించాం. పిన్ను తీయకుండా, పేజీలు తిప్పుతూ ఫోనుతో ఫోటోలు తీసుకోండి.

అపోస్టిల్‌కు గడువు లేదు, కానీ దాని కింద ఉన్న కాగితానికి వయసు ఉంటుంది. కారా (దత్తతలు చూసే భారత ప్రభుత్వ సంస్థ) పోర్టల్‌లో నమోదయ్యాక బిడ్డ వివరాలు వచ్చేలోపు సంవత్సరాలు గడుస్తాయి, ఈలోగా ఆరోగ్య ఉత్తరం, ఆదాయ పత్రం పాతబడతాయి. మీరు దత్తతకు తగినవారని అమెరికా ఇమిగ్రేషన్ ఇచ్చే ఐ-800ఏ ఆమోదం 15 నెలలకే ముగుస్తుంది. దాన్ని సప్లిమెంట్ 3 అనే అనుబంధ ఫారంతో పొడిగించుకోవాలి, అందుకు హోమ్ స్టడీని కూడా తాజా పరచాలి. మేము రెండుసార్లు చేశాం. ఆ తేదీని గోడ క్యాలెండరులో నాలుగు నెలల ముందే రాసి పెట్టుకోండి.

చివరగా, మీరు ప్రశ్న కింద మీ వదినగారి బిడ్డ విషయం కూడా ప్రస్తావించారు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దత్తత పత్రం రిజిస్టరు చేసుకుని, దానికి అపోస్టిల్ వేయిస్తే వీసా వస్తుందని ఎవరో చెప్పారన్నారు. దయచేసి ఆ దారిలో వెళ్లకండి. బంధువుల బిడ్డ అయినా అమెరికాకు తీసుకురావాలంటే ముందు ఐ-800ఏ, తరువాత ఆ బిడ్డ కోసం వేసే ఐ-800 దరఖాస్తుకు తాత్కాలిక ఆమోదం, అమెరికా ఎంబసీ లేఖ, కారా నిరభ్యంతర పత్రం, ఆపైనే దత్తత ఉత్తర్వు. వరుస తప్పితే ఎన్ని ముద్రలు ఉన్నా ఆ పత్రం వీసాకు పనికిరాదు. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వు కోర్టు కాకుండా జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు గారు ఇస్తున్నారు. ఈ విషయం ఏజెన్సీకి ఈ వారమే చెప్పండి, ఎందుకంటే మీరు ఏ బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నారన్నదాన్ని బట్టి హోమ్ స్టడీయే వేరుగా రాయాల్సి ఉంటుంది, ఆ నివేదిక అపోస్టిల్‌కు వెళ్లాక మార్చడం చాలా కష్టం.