ఒంటి గేరు సైకిలుకు పళ్ళ లెక్క

పాలమూరు

చిరంజీవి శ్రీకాంత్‌కు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. గేర్ల మౌంటెన్ సైకిలును ఒంటి గేరుగా మార్చుకుంటున్నావని, వెనుక చక్రానికి ఎన్ని పళ్ళ స్ప్రాకెట్, అంటే చైన్ తిరిగే పళ్ళ చక్రం, వేయమంటానని అడిగావు. అంకె చెబుతాను. అయితే ఆ అంకె ఎలా వచ్చిందో తెలిస్తేనే రేపు నీ బాటకూ నీ కాళ్ళకూ తగినట్టు నువ్వే దాన్ని సవరించుకోగలవు కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

పెడళ్ళ దగ్గరుండే ముందు చైన్‌వీలు పళ్ళను వెనుక స్ప్రాకెట్ పళ్ళతో భాగించి, వచ్చిన దాన్ని అంగుళాల్లో చక్రం వ్యాసంతో గుణిస్తే గేరు అంగుళాలు వస్తాయి. ఈ అంకె పెరిగే కొద్దీ పెడల్ బరువెక్కుతుంది, తగ్గే కొద్దీ తేలికవుతుంది. ముందు పళ్ళు వెనుక పళ్ళకు రెట్టింపు ఉండాలని, అంటే 32కు 16 వేయాలని నీకు ఎవరో చెప్పారన్నావు. అది 26 అంగుళాల చక్రాలు నడిచిన కాలపు మాట. ఆ చక్రానికి 52 అంగుళాలు వచ్చి సరిపోయేది. నీది 29 అంగుళాల చక్రం. అదే 32, 16 దీనికి బిగిస్తే 58 అంగుళాలవుతుంది, గుట్ట బాటకు అది చాలా బరువు. పాత 52కు దగ్గరగా రావాలంటే నీకు 18 పళ్ళు కావాలి. నేను మాత్రం 20తో మొదలుపెట్టమంటాను. అప్పుడు గేరు 46 అంగుళాల చిల్లర అవుతుంది.

ఎందుకంటే, 32, 20తో పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 3.7 మీటర్లు సాగుతుంది. చదునైన బాట మీద నిమిషానికి 90 చుట్లు తొక్కగలిగితే గంటకు 20 కిలోమీటర్ల వేగం వస్తుంది, మట్టి బాటకు అంతకంటే అక్కర లేదు. అదే సైకిలు గుట్ట ఎక్కుతూ గంటకు 6 కిలోమీటర్లకు పడిపోయినప్పుడు పెడళ్ళు నిమిషానికి 27 చుట్లే తిరుగుతాయి. 18 పళ్ళు వేస్తే అదే ఎక్కుడులో 24 చుట్లకు తగ్గుతాయి. మూడు చుట్లే కదా తేడా అనిపించవచ్చు. కానీ ప్రతి తొక్కుకూ కాలు పెట్టవలసిన బలం తొమ్మిదో వంతు పెరుగుతుంది, అది ఎక్కుడు పొడవునా పెరిగే ఉంటుంది.

దేవరకొండ చుట్టూ నీవు తిరిగే బాటలు చాలా వరకు బండరాయి మీద పలుచగా మొరం పరచుకున్నవి. అలాంటి చోట లేచి నిలబడి తొక్కుతున్నప్పుడు వెనుక టైరును జాగ్రత్తగా గమనించు. ఒక పెడల్ అడుగుకు, మరొకటి పైకి చేరిన క్షణంలో కాళ్ళ బలం చక్రానికి దాదాపు అందదు, సైకిలు ఆగినంత పని చేస్తుంది. మరుక్షణం పై పెడల్ మీద ఒంటి బరువంతా పడగానే చక్రం కింద మొరం జారి, టైరు ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. గేరు ఎంత బరువైతే ఆ ఆగడం అంత పొడవు, ఆ తరువాతి కుదుపు అంత గట్టిది. బలం చాలకనే దిగిపోయామని చాలామంది అనుకుంటారు, నిజానికి పట్టు తప్పి దిగుతారు. రెండు పళ్ళు తేలిక చేస్తే తొక్కు సమంగా సాగుతుంది. నడుమును కొంచెం వెనక్కి ఉంచి హ్యాండిల్‌ను నీ వైపు లాగుతూ తొక్కితే టైరు నేలను వదలదు.

ఇప్పుడు అసలు నిర్ణయానికి వస్తాను. ఒకే గేరు అన్ని చోట్లా సరిపోదు కనుక, ఏ చోటికి సరిపోవాలో నువ్వే ఎంచుకోవాలి. నీ దారిలో అన్నిటికంటే నిటారైన ఎక్కుడును కొలతగా పెట్టుకోవద్దు. అక్కడ దిగి నెట్టుకుంటూ పోవడంలో చిన్నతనమేమీ లేదు. ఊరి నుంచి బాట మొదలయ్యే దాకా ఉన్న తారు రోడ్డునూ కొలతగా పెట్టుకోవద్దు. వెళ్ళిన ప్రతిసారీ తప్పక ఎక్కవలసినదీ, ఎక్కువసేపు పట్టేదీ అయిన ఎక్కుడు ఒకటి ఉంటుంది చూడు, దాన్ని దిగకుండా, ఎక్కిన తరువాత మాట్లాడగలిగేంత ఊపిరి మిగిలేలా ఎక్కించే గేరే నీ గేరు. మన వైపు పిల్లలు ఇంట్లో పెద్దల సైకిలు తొక్కి పెరిగినవాళ్ళు. ముందు 44, వెనుక 18 పళ్ళూ, 28 అంగుళాల చక్రమూ ఉన్న ఆ నల్ల సైకిలు గేరు 68 అంగుళాలు. రోడ్డు మీద ఒకే తీరున సాగిపోవడానికి అది మంచిదే. ఆ అలవాటుతో మౌంటెన్ సైకిలుకూ బరువైన గేరు వేసి, దాన్ని బలానికి గుర్తుగా చెప్పుకోవడం చూస్తే నాకు వాళ్ళ మోకాళ్ళ గురించి దిగులు కలుగుతుంది.

గేర్లు ఇంకా విప్పలేదన్నావు, అది మంచిదైంది. క్యాసెట్‌లో, అంటే వెనుక చక్రానికున్న స్ప్రాకెట్ల కట్టలో, 20 పళ్ళది ఉంటే దానిలో, లేకుంటే 21లో పెట్టి, ముందు 32 మీదే ఉంచి, గేరు మీట ముట్టకుండా నీ దారి మొత్తం తిరిగి రా. ఒకసారి ఒళ్ళు తాజాగా ఉన్న తెల్లవారుజామున, మరొకసారి పని ముగించుకొని అలసిన సాయంత్రం వెళ్ళు. ఆషాఢ మాసపు గాలి ఎదురుగా కొట్టే రోజు ఒకటి దొరికితే మరీ మంచిది, ఎందుకంటే ఎదురుగాలి చదును నేలను కూడా ఎక్కుడుగా మార్చేస్తుంది, ఆనాడు గేరు బరువు ఉన్నది ఉన్నట్టు బయటపడుతుంది. ఇలా పరీక్షిస్తే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా తేలిపోతుంది.

మార్చవలసి వస్తే వెనుక ఒక్కొక్క పన్ను చొప్పునే మార్చు. ఈ కొలతల్లో వెనుక ఒక పన్నుకు గేరు సుమారు ఐదు శాతం మారుతుంది, ముందు ఒక పన్నుకు మూడు శాతమే. వారాల తరబడి తొక్కిన తరువాత కూడా ఎక్కుడు మరీ తేలికగా తోస్తే 19 వెయ్యి. డిండి దాటి మన్ననూరు వైపు ఘాట్ ఎక్కే ఆలోచన ఉంటే 22 కూడా దగ్గర ఉంచుకో. అమ్రాబాద్ అడవి పులుల అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలి బాటల్లోకి వెళ్ళవద్దు.

బిగింపు విషయంలో కొన్ని మాటలు. నీది గేర్ల ఫ్రేము, ఇరుసును ముందుకు వెనక్కు జరిపే వీలు లేదు కనుక చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే చైన్ టెన్షనర్ తప్పదు. అది ఉంటే ఒకటి రెండు పళ్ళ మార్పుకు చైన్ కోయవలసిన పని కూడా ఉండదు. స్ప్రాకెట్ అడుగు భాగం వెడల్పుగా ఉన్నదే కొను. పలుచని రేకు వంటిది లేచి తొక్కే బలానికి అల్యూమినియం హబ్బు గాడులను కోసేస్తుంది. స్ప్రాకెట్‌కు రెండు వైపులా వేసే స్పేసర్ రింగులను అటూ ఇటూ మార్చి, సైకిలు వెనుక కూర్చొని ఒక కన్ను మూసి చూడు, చైన్ వెనుక పన్ను నుంచి ముందు పన్ను దాకా ఎటూ వంగకుండా నేరుగా కనబడాలి. అరిగిన పాత చైన్‌ను కొత్త స్ప్రాకెట్ మీద ఎన్నడూ వేయవద్దు. ఒంటి బరువంతా పెడల్ మీద పెట్టి నిలబడినప్పుడు చైన్ పన్ను మీది నుంచి ఎగిరితే మోకాలు నేరుగా హ్యాండిల్‌కో బండకో తగులుతుంది.

మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి మొదలైతే ఓర్చుకోకు. ముందు సీటు మరీ కిందికి ఉందేమో చూసి సరిచెయ్యి, అయినా తగ్గకపోతే వెనుక ఒక పన్ను పెంచు, అప్పటికీ ఉంటే తొక్కడం మాని డాక్టరుకు చూపించు.

పరీక్షగా తిరిగి వచ్చిన తరువాత, ఏ ఎక్కుడు దగ్గర దిగావో, అక్కడ టైరు జారి దిగావో, కాళ్ళు రాక దిగావో విడివిడిగా రాసి పంపు. టైరు జారి దిగితే ముందు కూర్చునే తీరూ టైరు గాలీ చూసుకుందాం, కాళ్ళు రాక దిగితేనే స్ప్రాకెట్ మారుద్దాం. అంతవరకు కొత్త సామాను ఏదీ కొనవద్దు.

ఇట్లు,
మీ పెద్దనాన్న