పెద్ద కీబోర్డా, తేలికైన సింథసైజరా? పరకాల తండ్రికి జవాబు

ప్రశ్న: మాది పరకాల, చిన్న కిరాణా షాపు ఉంది. మా బాబు హన్మకొండలో రూమ్ తీసుకుని బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి చర్చిలో కీబోర్డ్ వాయిస్తాడు. ఏడాదిగా ఒక ఆర్కెస్ట్రాతో పెళ్లిళ్లకు, వినాయక చవితి ప్రోగ్రాంలకు కూడా పోతున్నాడు. ఇన్నాళ్లూ వాళ్ల కీబోర్డ్ మీదే వాయించాడు, ఇప్పుడు సొంతది కావాలంటున్నాడు. నేను 45 వేల దాకా పెట్టగలను. షాపులో అడిగితే, ఇంకొంచెం వేసుకుని 88 కీలది తీసుకోండి, ఈఎంఐ పెట్టిస్తాం అన్నారు. బాబేమో తేలికగా ఉండే సింథసైజర్ చాలంటున్నాడు. ఏది కొనాలి? అసలు కొనివ్వడం మంచిదేనా, చదువు పాడవుతుందా?

జవాబు: కొనివ్వండి. షాపు వాళ్ల మాట మీద కాదు, మీ అబ్బాయి మాట మీద కొనివ్వండి. ఏడాది పాటు పెళ్లిళ్లకు తిరిగినవాడికి ఏది మోయగలడో, ఏది మోయలేడో తెలిసే ఉంటుంది.

ముందు ఈ బరువు సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతావన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి. 88 కీల మోడళ్లలో చాలావాటికి పియానో లాగా నొక్కితే బరువుగా తగిలే కీలు ఉంటాయి. ఆ కీల కిందుండే సుత్తుల వల్లే పెట్టె బరువెక్కుతుంది. యమహా వాళ్ల ఎంఎక్స్ మోడలే తీసుకోండి. 61 కీలది 4.8 కిలోలు, 88 కీలది 13.9 కిలోలు. లోపలున్న టోన్లు, అంటే రకరకాల వాద్యాల శబ్దాలు, మాత్రం రెండింట్లోనూ ఒకటే. 13.9 కిలోల పెట్టెకు గట్టి కవరు, స్టాండు కూడా కలిపితే ఒక్క మనిషి మోసేది కాదు. పరకాల బస్సులో అడ్డంగా పెడితే కండక్టర్ ఊరుకోడు, బైక్ వెనక కూర్చుని భుజాన వేసుకుంటే మలుపు తిరగలేరు. ఫంక్షన్ హాల్లో స్టేజీ రెండో అంతస్తులో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. నాలుగైదు కిలోలదైతే భుజాన తగిలించుకుని బయల్దేరతాడు. సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేసి "మా కీబోర్డ్ ప్లేయర్ రాలేదు, ఏడింటికి జమ్మికుంటకు రాగలవా" అని అడిగితే, వస్తానని చెప్పగలిగేది తేలికైన కీబోర్డ్ ఉన్నవాడే. కొత్తవాళ్లకు మొదట దొరికే పని ఎక్కువగా ఇలాంటి పిలుపుల్లోంచే వస్తుంది.

పియానో పరీక్షలకు కూర్చునే పిల్లవాడైతే 88 కీలే కొనమనేవాణ్ని. మీ అబ్బాయి వాయించేది ఆర్కెస్ట్రాలో, చర్చిలో. 61 కీలంటే ఐదు స్థాయిలు, అక్కడ అవి సరిపోతాయి.

షాపులో ఇంకో గందరగోళం ఉంటుంది. బయటికి రెండూ ఒకేలా కనిపించినా అరేంజర్ వేరు, సింథసైజర్ వేరు. అరేంజర్‌లో స్పీకర్లు దానిలోనే ఉంటాయి, ఎడమ చేత్తో కార్డ్ (కలిపి నొక్కే మూడు నాలుగు స్వరాలు) పట్టుకుంటే రిథమ్, బేస్ అవే వాయించుకుంటాయి. క్యాసియో సీటీ-ఎక్స్9000ఐఎన్, యమహా పీఎస్ఆర్-ఐ500 లాంటివి మన దేశం కోసమే చేసిన అరేంజర్లు. తబలా, ఢోలక్ రిథమ్‌లతో వస్తాయి, ధర కూడా తక్కువే. భజన మండలికో, బర్త్‌డే ఫంక్షన్‌కో ఒక్కడే పోయి వాయించేవాడికి ఇవే మేలు. ఆర్కెస్ట్రాలో మాత్రం రిథమ్ చూసుకోవడానికి ప్యాడ్ ప్లేయర్, అంటే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ వాయించేవాడు, ఉంటాడు. కీబోర్డ్ వాడి పని స్ట్రింగ్స్, పియానో, ఫ్లూటు, షెహనాయ్, నాదస్వరం బిట్లు. అక్కడ కావలసింది మంచి టోన్లు, వాటిని వెంటనే మార్చుకునే వీలు. అందుకే సింథసైజర్ అంటున్నాను. సింథసైజర్లలో చాలావాటికి స్పీకర్లు ఉండవు. ఇంటికి తెచ్చాక "శబ్దం రావట్లేదేంది" అని మీరు కంగారు పడొద్దు. ఇంట్లో హెడ్‌ఫోన్‌తో సాధన చేసుకుంటాడు, మీ నిద్రకూ మంచిదే.

మోడళ్ల విషయానికొస్తే, రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 మన ఆర్కెస్ట్రాల్లో చాలాకాలంగా కనిపిస్తోంది. 61 కీలు, తేలిక, భారతీయ వాద్యాల టోన్లు వేసుకోవచ్చు. ఇంతమంది వాడుతున్నారంటే దానివల్ల ఇంకో లాభం ఉంది. ఏదైనా అర్థం కాకపోతే చెప్పేవాళ్లు పక్క ఊళ్లోనే ఉంటారు. యమహా ఎంఎక్స్61 టోన్లు ఆ కంపెనీ పెద్ద మోడల్ మోటిఫ్ ఎక్స్‌ఎస్ నుంచి తీసుకున్నవి. పియానో, స్ట్రింగ్స్ వినడానికి చాలా బాగుంటాయి. పైగా ఒక్క యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కు కలిపి నేరుగా రికార్డ్ చేసుకోవచ్చు. ఇది ఎందుకు ముఖ్యమో కింద చెబుతాను. రోలాండ్ జూనో-డీఎస్61 బరువు 5.3 కిలోలు, ఎనిమిది పెన్సిల్ బ్యాటరీలతోనూ నడుస్తుంది. కోర్గ్ క్రాస్ 2లో 61 కీలది అయితే 3.8 కిలోలే, దానికి ఆరు బ్యాటరీలు చాలు.

ఈ బ్యాటరీ సంగతిని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మండపంలో కరెంటు పోయి జనరేటర్ మీదికి మారే ఆ కొద్ది క్షణాల్లో అడాప్టర్ మీద నడిచే కీబోర్డ్ ఆగిపోతుంది. మళ్లీ ఆన్ అయి టోన్లు లోడ్ చేసుకునేదాకా పాడే ఆయన ఒంటరిగా పాడుకోవాలి. అడాప్టర్ తీసేసి బ్యాటరీల మీదే నడిపిస్తే ఆ తంటా ఉండదు. బరాత్‌లో కదిలే బండి మీద వాయించాలన్నా అంతే. అన్నీ సమానంగా ఉన్న రెండు మోడళ్ల మధ్య తేల్చుకోలేకపోతే బ్యాటరీ ఉన్నదానికే నా ఓటు.

మీ 45 వేలల్లో వీటిలో కొన్ని కొత్తవి దొరకవు. రోలాండ్ 2024లో జూనో-డీ అనే కొత్త వరుస తెచ్చింది, అందుకని పాత డీఎస్61లు సెకండ్‌హ్యాండ్‌లో వెతకొచ్చు. ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి హన్మకొండలో ఒక షాపులో, హైదరాబాద్‌లో రెండు చోట్ల అడిగి చూడండి.

ఇక్కడి నుంచి నాలుగు మాటలు మీ అబ్బాయికే చెబుతాను, చదివి వినిపించండి.

తమ్ముడూ, షాపుకు పోగానే డెమో పాట నొక్కకు, అది ఏ కీబోర్డ్‌లోనైనా బాగానే ఉంటుంది. నువ్వు స్టేజీ మీద చేసే పనులు చేసి చూడు. మొదటిది ట్రాన్స్‌పోజ్, అంటే ఒక బటన్‌తో కీబోర్డ్ శ్రుతి మొత్తాన్ని పైకో కిందికో జరపడం. భజన పాడే పెద్దాయన ఒకటిన్నర అంటాడు, అంటే సి షార్ప్. ఆ వెంటనే పాడే అమ్మాయి ఐదున్నర అంటుంది, అంటే జి షార్ప్. నువ్వు సి స్కేల్‌లో నేర్చుకున్న పాటను ఒకటిన్నరకు ఒక మెట్టు పైకి, ఐదున్నరకు నాలుగు మెట్లు కిందికి జరపాలి. ఆ బటన్ ప్యానెల్ మీదే ఉందా, మెనూలోకి పోయి వెతకాలా అన్నది చూడు. మెనూలో ఉంటే స్టేజీ మీద టెన్షనే. ఎంత జరిపావో తెరమీద ఎప్పుడూ కనిపించాలి, లేకపోతే తరువాతి పాట తప్పు శ్రుతిలో ఎత్తుకుంటావు. ట్రాన్స్‌పోజ్ ఉంది కదా అని అన్నీ సి లోనే వాయించే అలవాటు చేసుకోకు. రికార్డింగ్‌కు పిలిచే సీనియర్లు ముందు గమనించేది అదే.

రెండోది స్ప్లిట్, లేయర్. కీలను రెండు భాగాలు చేసి చెరో టోన్ పెట్టడం స్ప్లిట్, ఒకే కీ మీద రెండు టోన్లు కలిపి మోగించడం లేయర్. ఎడమ చేతికి స్ట్రింగ్స్, కుడి చేతికి ఫ్లూటు పెట్టుకుని, ఆ అమరికను ఒక బటన్‌లో దాచుకోగలగాలి. పాటల వరుస ప్రకారం అలాంటివి పది దాచుకుని ఒక్కో నొక్కుతో మారిపోగలవా అని అడుగు. స్ట్రింగ్స్ కార్డ్ పట్టుకునే ఉండి టోన్ మార్చి చూడు. పాత శబ్దం టక్కున తెగిపోతే, పల్లవికీ చరణానికీ మధ్య అది అందరికీ వినిపిస్తుంది. తెగకుండా మెల్లగా ఆగితే ఆ కీబోర్డ్ నీకు పనికొస్తుంది.

మూడోది పిచ్ బెండ్, అంటే మోగుతున్న స్వరాన్ని పైకీ కిందికీ లాగడం. నాదస్వరం, షెహనాయ్ టోన్ ఎంత బాగున్నా స్వరాన్ని లాగకపోతే అది హారన్‌లాగానే ఉంటుంది. గమకం వేలితో కాదు, ఎడమ చేతి వైపున్న చక్రంతోనో లివర్‌తోనో పలికించాలి. మామూలుగా అది రెండు మెట్ల దాకా లాగుతుంది, మార్చుకోవచ్చు కూడా. చవక మోడళ్లలో కొన్నింటికి అసలు చక్రమే ఉండదు, అలాంటిది తీసుకోకు. కీని మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా మోగుతుందా అన్నది కూడా చూడు. ఆరాధన పాటల్లో పియానో టోన్‌కు ప్రాణం అదే.

పాలిఫొనీ, అంటే ఒకేసారి ఎన్ని స్వరాలు మోగగలవన్నది, 64 దాటితే చాలు. 128 అని రాసి ఉంటే ఆలోచించే పనే లేదు. టోన్లు వెయ్యా రెండు వేలా అన్న లెక్క నాకు ముఖ్యం కాదు. నువ్వు స్టేజీ మీద వాడేవి ఇరవై దాటవు, ఆ ఇరవై బాగుంటే చాలు.

మళ్లీ పెద్దాయనకు. మొత్తం డబ్బు కీబోర్డ్ మీదే పెట్టకండి. నీళ్లు తగలని మందపాటి కవరు, మడతపెట్టే స్టాండు, సస్టెయిన్ పెడల్ (కీ వదిలాక కూడా స్వరం మోగేలా కాలితో నొక్కేది), రెండు మంచి జాక్ వైర్లు కావాలి. వీలైతే మిక్సర్ దగ్గర గుయ్‌మనే శబ్దం రాకుండా కీబోర్డ్‌కూ మిక్సర్‌కూ మధ్య పెట్టే డీఐ బాక్స్ ఒకటి. వీటికి ఐదారు వేలు పక్కన పెట్టుకోండి. సౌండ్ వాళ్లు ఒకే వైరు అడిగితే ఎడమ వైపు, మోనో అని రాసి ఉన్న రంధ్రంలోనే పెట్టాలని బాబుకు గుర్తుచేయండి. కుడి దాంట్లో పెడితే సగం శబ్దమే పోతుంది. అడాప్టర్ కంపెనీదే వాడాలి. పిన్ను పట్టింది కదా అని ఇంట్లో ఉన్నది తగిలిస్తే బోర్డు కాలిపోవచ్చు.

సెకండ్‌హ్యాండ్ తీసుకుంటే 61 కీలూ ఒక్కొక్కటిగా మెల్లగా, తరువాత గట్టిగా నొక్కి చూడాలి. లోపలి రబ్బరు అరిగితే కొన్ని కీలు ఒకే మోతలో అరుస్తాయి. బెండ్ లివర్ వదిలాక శ్రుతి సరిగ్గా సున్నాకు వస్తోందా, వాల్యూమ్ తిప్పుతుంటే గరగర వస్తోందా చూడాలి. దుమ్ములో, వర్షంలో ఊరేగింపులకు తిరిగిన వాటికి ఈ జబ్బులు మామూలే. అమ్మేవాళ్లు "టోన్లన్నీ వేయించి ఉన్నాయి" అంటే వాటిని పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టమని అడగండి. ఒక్కసారి రీసెట్ కొడితే అన్నీ పోతాయి.

ఇప్పుడు ఈఎంఐ మాట. నేను వద్దంటాను. ఈఎంఐ నెలనెలా వస్తుంది, పెళ్లిళ్లు నెలనెలా రావు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం బాగుంటాయి. ఆషాఢంలో, పుష్యంలో ఆర్కెస్ట్రా ఫోన్ మోగదు. మూఢం వచ్చిందంటే వరసగా నెలలకు నెలలు ఖాళీ. మధ్యలో వినాయక చవితి, బతుకమ్మ, క్రిస్మస్ కొంత ఆదుకుంటాయి. ఇలాంటి రాబడి మీద అప్పు పెట్టుకుంటే, ఆషాఢంలో ఆ వాయిదా మీ కిరాణా గల్లాలోంచే పోతుంది. అదీగాక వాయిదా కోసమని పరీక్షల ముందు రోజు కూడా ప్రోగ్రాంకు పోతాడు. చదువు పాడయ్యేది కీబోర్డ్ వల్ల కాదు, ఇలాంటి వాయిదాల వల్ల. ఉన్న డబ్బుతో వచ్చేదే కొనండి. పోయిన ఏడాది ఏ నెలలో ఎన్ని ప్రోగ్రాంలు, బస్సు, తిండి ఖర్చు పోగా చేతికి ఎంత మిగిలిందో బాబును ఒక కాగితం మీద రాయమనండి. కీబోర్డ్ డబ్బులు ఎన్నాళ్లకు తిరిగి వస్తాయో అందులోనే తేలుతుంది. బీకాం పిల్లవాడే కదా, ఆ మాత్రం లెక్క వస్తుంది.

ఇది బతుకుదెరువు అవుతుందా అంటే, ఆర్కెస్ట్రా ఒక్కదాన్నే నమ్ముకోవద్దని చెబుతాను. చాలా ఫంక్షన్లలో ఇప్పుడు ట్రాక్, అంటే ముందే రికార్డ్ చేసిన సంగీతం, పెట్టి పాడించేస్తున్నారు, మనుషులు తగ్గుతున్నారు. అదే సమయంలో ఆ ట్రాకులు తయారుచేసే పని పెరిగింది. కరీంనగర్, వరంగల్ చుట్టుపక్కల యూట్యూబ్ జానపద పాటలకు సంగీతం చేసే చిన్న స్టూడియోలు చాలానే వచ్చాయి. అక్కడ ఈ కీబోర్డే కంప్యూటర్‌కు తగిలించే పనిముట్టు అవుతుంది. యూఎస్‌బీ గురించి పైన చెప్పింది అందుకే. ఈ సెలవుల్లో మీ అబ్బాయి నేర్చుకోవలసింది కంప్యూటర్‌లో ట్రాక్ ప్రోగ్రామింగ్.

టీచింగ్ వైపు పోవాలంటే కాగితం కావాలి. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల ఎలక్ట్రానిక్ కీబోర్డ్ పరీక్షలు ఇనిషియల్ నుంచి ఎనిమిదో గ్రేడ్ దాకా ఉంటాయి, ప్రైవేటు స్కూళ్లలో, ఇంటి దగ్గర క్లాసులు పెట్టుకోవడానికి వాటికి విలువ ఉంది. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ మ్యూజిక్ టీచర్ పోస్టుకు మాత్రం సంగీతంలో డిగ్రీనే అడుగుతారు, గ్రేడ్ సర్టిఫికెట్ సరిపోదు. వరంగల్‌లోనే విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అక్కడ గాత్రంలో చేరే వీలుందేమో, టైమింగ్స్ ఎలా ఉంటాయో బాబును ఒకసారి పోయి కనుక్కోమనండి. కీబోర్డ్ వాయించేవాడికి గాత్రమెందుకు అనుకోకండి. రాగం గొంతులో పలికినవాడికే బెండ్ ఎంత లాగాలో తెలుస్తుంది.

బీకాం మాత్రం పూర్తి చేయాల్సిందే. ఇంకా ఒక్క ఏడాది పైచిలుకే కదా. సెమిస్టర్ పరీక్షలప్పుడు పదిహేను రోజులు ప్రోగ్రాంలు ఒప్పుకోనని ఆర్కెస్ట్రా వాళ్లకు ముందే చెప్పమనండి. పని వచ్చినవాణ్ని ఆ మాత్రానికి ఎవరూ వదులుకోరు.

కొనడానికి మీరిద్దరూ పోకుండా ఆర్కెస్ట్రాలో సీనియర్ ఒకరిని వెంట తీసుకుపోండి. రోజూ వాడే హెడ్‌ఫోన్ పట్టుకెళ్లమనండి, ప్యాక్ చేసేముందు కవరులో పెట్టి భుజాన వేసుకుని షాపు మెట్లు ఒకసారి దిగి ఎక్కమనండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, వారంటీకి అదే అడుగుతారు.