ఊళ్లోని శాఖా గ్రంథాలయం మున్సిపాలిటీదా?

కాదు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఊళ్లలోని శాఖా గ్రంథాలయాలను నడిపేది జిల్లా గ్రంథాలయ సంస్థ. మద్రాసు రాష్ట్రపు 1948 చట్టాన్నీ, హైదరాబాదు రాష్ట్రపు 1955 చట్టాన్నీ కలిపి 1960లో చేసిన పౌర గ్రంథాలయాల చట్టం ఆ బాధ్యతను సంస్థకు అప్పగించింది. మున్సిపాలిటీ, పంచాయతీల పని ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేసి సంస్థకు జమ చేయడం. అంటే పన్ను 1,500 రూపాయలైతే దానిపైన గ్రంథాలయం వాటా ఇంకో 120. రసీదులో ఆ గడి చూసేవాళ్లు తక్కువ! చిక్కంతా జమ దగ్గరే: వసూలైన సెస్సు బకాయి పడితే కొత్త పుస్తకాలు రావు, పత్రికల బిల్లులు ఆగుతాయి.

ఇక చాలామంది పాత గ్రంథాలయం అనగానే సర్కారుదే అనుకుంటారు. చట్టానికి ముందే ఊరివాళ్లు చందాలతో పెట్టుకున్నవి బోలెడు. చీరాల పక్కన వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం అలాంటిదే. దాని నిర్వహణ ఇప్పటికీ సొంత కార్యవర్గానిదే.