దొడ్డి ఉంది, గుంతంటేనే భయం

ప్రశ్న: స్వచ్ఛ భారత్ కింద మా ఊళ్లో దాదాపు ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టారు. ఇప్పుడు కొన్నింటిలో పిడకలు పేర్చి ఉన్నాయి. తెల్లవారుజామున చెంబు పట్టుకొని చెరువుగట్టుకు వెళ్లేవారు వెళ్తూనే ఉన్నారు. లోపం పథకానిదా, ప్రజలదా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: చిక్కు చాలావరకు గుంత దగ్గరే ఉంది. 2014 అక్టోబరు 2న మొదలైన ఈ పథకంలో ఒక్కో దొడ్డికి రూ.12,000 ప్రోత్సాహకం ఇచ్చారు. అయితే చాలాచోట్ల కట్టడం పూర్తయి, ఫొటో నమోదయ్యాకే ఆ సొమ్ము చేతికందేది. ముందుగా పెట్టుబడి పెట్టలేని కూలీల ఇళ్లకు కాంట్రాక్టరే కట్టిపెట్టాడు. కట్టినవాటిని లెక్కించినంత శ్రద్ధగా వాడుతున్నవాటిని ఎవరూ లెక్కించలేదని నా అభిప్రాయం.

పథకం ప్రోత్సహించినది రెండు గుంతల పద్ధతి. గుంత గోడల్లో సందులుంటాయి, అడుగున గచ్చు ఉండదు కనుక నీరు మట్టిలోకి ఇంకిపోతుంది. అయిదారుగురున్న ఇంట్లో ఒక గుంత నిండడానికి సుమారు అయిదేళ్లు పడుతుంది. అప్పుడు దారి మళ్లించి రెండోది వాడుకుంటే, మొదటిదానిలోనిది ఏడాది, రెండేళ్లలో వాసన లేని ఎరువవుతుంది. ఈ సంగతి విడమరచి చెప్పినవారు తక్కువ కావడంతో, "ఇంత చిన్న గుంత ఆరు నెలలకే నిండుతుంది, అప్పుడు ఎవరెత్తుతారు?" అన్న భయం మిగిలిపోయింది. ఎత్తడం ఫలానా కులంవారి పని అన్న తలపు కూడా ఆ భయంలో ఉంది, పైకి ఎవరూ అనరు గానీ. అందుకే దొడ్డిని ముసలివాళ్లకూ రాత్రివేళకూ దాచి, మగవాళ్లు పొలం దారి పడతారు. స్తోమత ఉన్నవారు పెద్ద సెప్టిక్ ట్యాంకు కట్టుకుంటారు.

ఈ భయం పోగొట్టడానికే 2017 ఫిబ్రవరిలో, కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ వరంగల్ సమీపంలోని గంగదేవిపల్లిలో స్వయంగా గుంతలోకి దిగి ఎరువు ఎత్తారు. నీటికీ పారిశుద్ధ్యానికీ గ్రామస్థుల కమిటీలు ఏళ్ల తరబడి పనిచేసిన ఊరది. అలాంటి కమిటీ లేని ఊళ్లో కాంట్రాక్టరు వెళ్లిపోయాక పాడైన తలుపును, పగిలిన పైపును పట్టించుకొనేవారుండరు.

మీ ఊళ్లో ముందుగా జంక్షన్ పెట్టెలు (దొడ్డి నుంచి వచ్చే పైపు రెండు గుంతలకూ చీలేచోట ఉండే చిన్న తొట్లు) తెరిపించి చూడండి. రెండు దారులూ తెరిచే ఉంటే రెండు గుంతలూ ఒకేసారి నిండుతాయి కనుక, ఒకదానికి ఇటుక అడ్డం పెట్టి సిమెంటుతో మూయించాలి. ఆ తర్వాత, నిండి వాడకం ఆపి రెండేళ్లు దాటిన గుంత ఏ ఇంట్లోనైనా ఉంటే, ఆ ఇంటివారి అనుమతితో గ్రామసభ రోజున మూత తీయించి, పారతో పైనుంచే ఎరువు తోడించి అందరికీ చూపించండి.