సైకిళ్లు పెట్టుకోవడానికి ఇల్లు మారాలా?

ప్రశ్న: మేం తిరుపతి కొర్లగుంటలో రెండో అంతస్తులో చిన్న డబుల్ బెడ్‌రూం పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. అద్దె 9 వేలు, మావారి జీతం 42 వేలు. మావారికి, ఇంటర్ చదివే అబ్బాయికి, ఆరో తరగతి పాపకి తలో సైకిలు ఉంది. వాటిని మెట్ల కింద పెట్టేవాళ్లం. పోయిన నెల ఒక రాత్రి మావారి గేర్ సైకిలు తాళం కోసి ఎత్తుకుపోయారు. రెండేళ్ల కిందట 14,500కి కొన్నాం. కింద పార్కింగు, గేటు ఉన్న ఇల్లు 12 వేల అద్దెకు చూశాం. 20 నెలల లక్ష రూపాయల చీటీ కడుతున్నాం. ఇప్పుడే పాడుకుంటే 78 వేలు వస్తాయి. దాంతో అడ్వాన్సు కట్టి, 26 వేలు పెట్టి కొత్త సైకిలు కొందామనుకుంటున్నాం. సరైనదేనా? ఇంటి ఇన్సూరెన్స్ చేయిస్తే సైకిళ్లకూ వర్తిస్తుందా?

జవాబు: అమ్మా, ఇల్లు మారకండి. చీటీ పాడకండి. సైకిలు మాత్రం కొందాం, అది మీవారికి అవసరం. కాకపోతే ఆరు నెలలు ఆగి కొందాం.

ముందు చీటీ సంగతి. లక్ష చీటీని 78 వేలకు పాడితే 22 వేలు వదులుకున్నట్టే. పోయిన సైకిలు ఖరీదు 14,500. దొంగ ఎత్తుకుపోయిన దానికంటే మీ చేత్తో మీరు పాటలో పోగొట్టుకునేది ఎక్కువ. డివిడెండు రూపంలో కొంత వెనక్కి వస్తుంది, నిజమే. కానీ చివరిదాకా ఆగినవాళ్లకూ ఆ డివిడెండు వస్తుంది, పైగా మొత్తం దాదాపు పూర్తిగా చేతికందుతుంది. చీటీని ఆస్పత్రి ఖర్చుకో, కాలేజీ ఫీజుకో పాడండి, తప్పులేదు. అబ్బాయి ఇంటర్ అయ్యాక ఆ డబ్బు అవసరం ఎలాగూ వస్తుంది.

ఇక ఇల్లు. అద్దె నెలకు 3 వేలు ఎక్కువ అంటే ఏడాదికి 36 వేలు. సామాన్లు మోయించే ఖర్చు, ఖాళీ చేసేటప్పుడు పాత ఇంటి అడ్వాన్సులో రంగులకని పట్టుకునేది వేరే. సైకిలు ఒక్కసారి పోయింది, అద్దె ప్రతి నెలా పోతుంది. అదే 3 వేలు పోస్టాఫీసు ఆర్డీలో వేస్తే 6.7 శాతం వడ్డీ లెక్కన ఐదేళ్లకు 2,14,000 దాకా అవుతుంది. అద్దె పెంచుకోవడానికి సిద్ధపడ్డారంటే నెలకు ఆ 3 వేలు మీరు మిగల్చగలరనే కదా. నా సలహా అంతా ఆ 3 వేల మీదే. వచ్చే నెల నుంచి దాన్ని పక్కన పెట్టండి.

మొదటి రెండు నెలల డబ్బుతో సైకిళ్లు ఇంట్లో పెట్టుకునే ఏర్పాటు చేసుకోండి. పెద్ద సైకిలును ముందు చక్రం పట్టి గోడ కొక్కేనికి నిలువుగా వేలాడదీస్తే గోడ మీద రెండడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు చాలు. ముందుకు మూడున్నర అడుగులు వస్తుంది. రెండు సైకిళ్లు పక్కపక్కన పెట్టేటప్పుడు ఒక కొక్కేన్ని ఇంకోదానికంటే అడుగు ఎత్తున బిగిస్తే హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలవు, ఇంకా తక్కువ చోటులో సర్దుకుంటాయి. టైరు ఆనే చోట పాత ప్లాస్టిక్ షీటు ముక్క అంటిస్తే సున్నం పాడవదు, ఓనరుతో మాట రాదు. గోడ ఎంచుకోవడం మాత్రం జాగ్రత్త. తొమ్మిది అంగుళాల గోడకు యాంకర్ బోల్టుతో బిగించండి. నాలుగున్నర అంగుళాల అడ్డగోడ వద్దు. పిల్లరు, బీము జోలికి పోవద్దు. స్విచ్ బోర్డుకు నేరుగా పైన, కింద డ్రిల్లు వేయించవద్దు, లోపల వైర్లు ఉంటాయి. గేర్ సైకిలు బరువు దాదాపు 15 కిలోలు. పాప ఎత్తలేదు కాబట్టి పాపది నేల మీదే ఉండాలి, పెద్దవి పైకి వెళ్లాలి.

డ్రిల్లు వేయడానికి ఓనరును ముందే అడిగి, ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లో ఒక్క మెసేజీ తీసుకోండి. ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెట్టి ఇస్తామని మీరూ రాయండి. ససేమిరా అంటే నేల నుంచి స్లాబు దాకా బిగించే నిలువు స్టాండు దొరుకుతుంది, ధర ఎక్కువ. అదీ వద్దనుకుంటే అలెన్ కీతో (బోల్టు తిప్పే ఆరు పలకల వంపు కడ్డీ) హ్యాండిలు బోల్టు వదులు చేసి, హ్యాండిలును ఫ్రేముకు సమాంతరంగా తిప్పేయండి. సైకిలు మంచం వెనక కూడా పడుతుంది. చిత్తూరులో మా ఒంటిగది ఇంట్లో మా నాన్న సైకిలు రాత్రిళ్లు బియ్యం డ్రమ్ము పక్కనే పడుకునేది. తెల్లారి ఆ చైను చప్పుడుకే నేను లేచేవాణ్ణి. రోజూ పని మీద తిప్పే సైకిలును ఇంట్లోకి తెచ్చుకోవడం నాకైతే చిన్నతనంగా అనిపించదు.

బాల్కనీలో పెడదామనుకుంటే ఎండకు టైర్లు పగుళ్లిస్తాయి, నవంబరు జడివానకు చైను తుప్పు పడుతుంది. 2021 నవంబరులో మన ఊళ్లో లోతట్టు కాలనీలు మునిగిన సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ లెక్కన మెట్ల కింద కూడా భద్రం కాదు. మెట్ల మలుపులో అసలే పెట్టవద్దు. రాత్రిపూట నిప్పంటుకుంటే అందరూ దిగాల్సిన దారి అదొక్కటే.

పగలు కింద ఆపాల్సి వస్తుంది కాబట్టి తాళం మార్చండి. సన్న వైరు తాళాన్ని కటింగ్ ప్లయర్ క్షణాల్లో కోసేస్తుంది. మందపాటి గట్టి ఉక్కు గొలుసు తీసుకొని ఫ్రేమునూ వెనక చక్రాన్నీ కలిపి కదలని గ్రిల్లుకో, ఇనుప స్తంభానికో వేయండి. గొలుసు నేలకు ఆనకూడదు. నేల మీద ఉంటే కట్టర్ ఆనించి బరువేసి కోయడం సులువు. కొక్కేలు, గొలుసులు, డ్రిల్లు కూలి కలిపి 5 వేల లోపు సరిపోతుందని నా అంచనా.

ఇన్సూరెన్స్ విషయంలో ఆశ పెట్టుకోకండి. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీ అద్దెకుండేవాళ్లు సామాన్లకు మాత్రమే తీసుకోవచ్చు. కానీ అది ప్రధానంగా అగ్నిప్రమాదం, వరద, తుఫాను లాంటి వాటికి. దొంగతనం అందులో ఉన్నా, అలాంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు, దాని కారణంగా జరిగితేనే ఇస్తారు. మామూలు దొంగతనానికి బర్గ్లరీ కవర్ వేరే తీసుకోవాలి. దానికి కూడా సాధారణంగా తలుపో తాళమో పగలగొట్టి ఇంట్లోకి చొరబడిన ఆనవాలు అడుగుతారు. మెట్ల కింద సైకిలు ఇంటి లోపల ఉన్నట్టు కాదు. వరద భయంతో సామాన్లకు చేయిస్తే మంచిదే, సైకిలు కోసమైతే ఆ ప్రీమియం గొలుసుకు పెట్టండి.

మీవారి సైకిలు 26 వేలది ఎందుకు? పాతది 14,500దే కదా, అదే రకం చాలు. మొదటి రెండు నెలల డబ్బు కొక్కేలు, గొలుసులకు పోగా ఇంకో నాలుగు నెలలు ఆగితే దాదాపు నగదుతోనే కొనొచ్చు. నో కాస్ట్ ఈఎంఐ అని షాపులో చెబితే ప్రాసెసింగ్ ఫీజు, క్రెడిట్ కార్డు మీదైతే వడ్డీ భాగం మీద పడే 18 శాతం జీఎస్టీ ఎంతో అడగండి. సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు, చదువు ముగించుకొని ఊరెళ్లే విద్యార్థులు అమ్ముతుంటారు. అసలు బిల్లు, దాని మీది ఫ్రేము నంబరు సరిచూడకుండా మాత్రం డబ్బివ్వవద్దు. ఇంకొకరి ఇంట్లో పోయిన సైకిలు మీ ఇంటికి రాకూడదు.

పోలీసు కంప్లయింట్ ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే ఇప్పుడైనా వెళ్లండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. పాత బిల్లు, సైకిలు ఫొటో ఉంటే తీసుకెళ్లండి. మిగిలిన రెండు సైకిళ్లనూ ఈ రాత్రే తలకిందులు చేసి టార్చి వేసి చూడండి. పెడళ్లు బిగించిన చోట, ఫ్రేము అడుగున నంబరు చెక్కి ఉంటుంది. మట్టి పట్టి ఉంటే తడిగుడ్డతో తుడిచి ఫొటో తీసి, బిల్లు ఫొటోతో పాటు మీ ఫోన్లోనూ మీవారి ఫోన్లోనూ దాచుకోండి.